జీపు నేర్వాలంటే ముందు నేలను చదవాలి

నాలుగు చక్రాలూ లాగే బండి ఉంటే చాలదు - చెలక, రేగడి, ఇసుక, వాగు వేటికవే వేరు పాఠాలు

కాజీపేట: ఒకప్పుడు ఊళ్లోకి జీపు వచ్చిందంటే సమితి నుంచి బి.డి.ఓ. గారో, తాలూకా నుంచి తహసీల్దారు గారో, లేకుంటే పోలీసులో వచ్చారని అర్థం. పిల్లలు దుమ్ములో దాని వెంట పరుగెత్తేవారు. 1980ల మధ్యలో సమితులు, తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ తర్వాత జీపు సర్కారు హోదా దిగి ప్రయాణికుల బండి అయింది. పది మంది కూర్చునే బండికి ఇరవై మంది వేలాడుతూ అంగళ్లకు, పెళ్లిళ్లకు, జాతరలకు పోయిన రోజులు నడివయసు వారందరికీ గుర్తే. ఆ పని ఇప్పుడు ఆటోలు చేస్తున్నాయి.

కాగా, జీపు మరో రూపంలో మళ్లీ ఊరి ముఖం చూస్తోంది. 2020 అక్టోబర్ 2న మార్కెట్లోకి వచ్చిన కొత్త థార్, 2023లో వచ్చిన జిమ్నీ వంటి బళ్లు పట్నం కుర్రకారుకే గాక పల్లె యువకులకూ మోజు పుట్టించాయి. తోటలకు, చేలకు పోయేందుకు పాత జీపులు బాగు చేయించుకునే రైతులూ ఉన్నారు. బండి కొనడం వరకు బాగానే ఉంది. దాన్ని రోడ్డు దింపి నడపడం మాత్రం నేర్చుకుంటే తప్ప రాదు. ఎవరూ నేర్పడం లేదు. డ్రైవింగ్ స్కూళ్లలో చెప్పేది రోడ్డు మీది విద్య. ఆ విద్య బండ్ల బాట మొదట్లోనే అయిపోతుంది.

జీపు పుట్టిందే రోడ్డు లేని చోటు కోసం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం 1940-41లో తయారైన ఈ బండిని యుద్ధం ముగిసేలోగా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఆరు లక్షలకు పైగా తయారు చేశాయి. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా వారు బొంబాయిలో దాని భాగాలు తెచ్చి బిగించడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి కంపెనీ ఏదైనా, బండి ఏదైనా, ఈ ఆకారాన్ని మన వాళ్లు 'జీపు' అనే పిలుస్తున్నారు.

రెండో కడ్డీ ఎందుకు?

మామూలు కారులో గేరు కడ్డీ ఒకటే. జీపులో దాని పక్కనే మరొకటి పొట్టిగా ఉంటుంది. కొన్ని కొత్త బళ్లలో దాని బదులు మీటగా ఉంటుంది. చాలా మంది కొన్న రోజు నుంచి అమ్మే రోజు దాకా దాని జోలికి పోరు. బండిలో అసలు విద్య అంతా అందులోనే ఉంది.

'2 హెచ్' అంటే వెనక చక్రాలు రెండే లాగుతాయి. తారు రోడ్డుకు ఇదే. '4 హెచ్' అంటే ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందుతుంది. '4 ఎల్' అంటే నాలుగు చక్రాలూ లాగుతూ, బండి వేగం సుమారు రెండున్నర రెట్లు తగ్గి, చక్రం దగ్గర బలం అంతకు అంత పెరుగుతుంది. మొదటి గేరులో మనిషి నడక కన్నా మెల్లగా పోతుంది. ఇంజను మొరాయించదు. రాళ్ల గుట్ట ఎక్కాలన్నా, నిటారు దిగాలన్నా ఇదే దిక్కు. '4 ఎల్' వేయాలంటే బండిని ఆపి వేయడం మంచిది. పరుగులో లాగితే లోపల పళ్లు రాలతాయి. పాత జీపుల్లో కొన్నింటికి ముందు చక్రాల నడిమి బుడిపెను చేత్తో తిప్పి లాక్ చేయాలి. అది మరచి లోపల కడ్డీ ఎంత లాగినా ముందు చక్రాలు పని చేయవు. చీకట్లో, వానలో, బురదలో దిగబడ్డాక ఆ బుడిపె కోసం తడుముకోవడం కంటే బాట దిగకముందే తిప్పుకోవడం తెలివైన పని.

మరో మాట. తారు రోడ్డు మీద, సిమెంటు రోడ్డు మీద '4 హెచ్' వేసి తిప్పరాదు. ఎందుకన్నది కళ్లంలో బంతి తిప్పిన వారికి ఇట్టే అర్థమవుతుంది. మేటికి దగ్గరున్న ఎద్దు తక్కువ నడుస్తుంది, చివరి ఎద్దు ఎక్కువ నడుస్తుంది. బండి మలుపు తిరిగినప్పుడు నాలుగు చక్రాలదీ ఇదే పరిస్థితి. వెనక చక్రాల కంటే ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. ముందు వెనకలను ఒకే కడ్డీకి బిగించినట్లు కలిపేస్తే ఆ తేడా ఎక్కడో ఒకచోట తేలాలి. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద జారదు కనుక ఆ బిగువంతా పళ్ల చక్రాల మీద పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, కడ్డీ తిరిగి రాదు. ఈ సంగతి తెలియక 'బండిలో లోపముంది' అని మెకానిక్ దగ్గరికి పోయేవారు ఉన్నారు.

కుడి ఎడమ చక్రాల మధ్య తేడాను సర్దేందుకు డిఫరెన్షియల్ అనే ఏర్పాటు ఉంది. మలుపులో అది మేలు చేస్తుంది, గుంటలో కీడు చేస్తుంది. పట్టు లేని చక్రం ఏదో దానివైపే బలమంతా పోతుంది. ముందు ఒక చక్రం, వెనక దానికి అడ్డంగా ఉన్న మరో చక్రం గాలిలోకి లేచాయంటే ఆ రెండే గిరగిర తిరుగుతాయి. నేల మీద ఉన్న రెండూ చేతులు కట్టుకు కూర్చుంటాయి. నాలుగు చక్రాల బండి కదా, ఎందుకు దిగబడిందని అడిగే వారికి జవాబు ఇదే. కొన్ని బళ్లలో దీనికి విరుగుడుగా లాక్ అయ్యే డిఫరెన్షియల్ వస్తోంది. మీ బండికి ఉన్నదీ లేనిదీ కొనేముందే అడిగి తెలుసుకోండి.

రైలింజను చెప్పే పాఠం

కాజీపేట వారికి చక్రం పట్టు గురించి కొత్తగా చెప్పనక్కర లేదు. ఇక్కడి లోకో షెడ్లలో పని చేసిన కుటుంబాలు వీధికొకటి ఉన్నాయి. గూడ్సు లాగే 'వాగ్-9' కరెంటు ఇంజను 120 టన్నులకు పైగా బరువుంటుంది. దాని ఆరు ఇరుసులకూ ఆరు మోటార్లు ఉంటాయి. అంటే దానికి లాగని చక్రమంటూ లేదు. అయినా వాన తుంపరకు పట్టా తడిస్తే ఆ చక్రాలే జారతాయి. అందుకే ఇంజనులో ఇసుక పెట్టె ఉంటుంది. చక్రం కింద పట్టా మీదికి కాస్త ఇసుక వదలగానే పట్టు దొరుకుతుంది.

అదే ఇసుక జీపు చక్రాన్ని మింగేస్తుంది. తేడా ఎక్కడుంది? రైలు చక్రం కింద గట్టి ఇనుముంది, ఇసుక దాని మీద పొరగా మాత్రమే పడుతుంది. వాగులో పొర కింద కూడా ఇసుకే. చక్రం తిరిగిన కొద్దీ కింద తవ్వుకుంటుంది, బండి కూర్చుంటుంది. రెండు చోట్లా నియమం మాత్రం ఒక్కటే. జారే చక్రం లాగదు. చక్రం జారుతున్నదని తెలియగానే కాలు వదలాలి గాని ఇంకా తొక్కరాదు. కొత్తవారు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు.

మన నేలలు

పాత వరంగల్ జిల్లాలో నేల ఒక తీరుగా ఉండదు. కాజీపేట, మడికొండ, ధర్మసాగర్ వైపు ఎర్ర చెలక, మధ్య మధ్య గుండ్లు, బండలు. కొత్తగా నేర్చుకునే వారికి ఈ చెలకే బడి. వాన పడి వెలిసిన రెండో రోజుకు నీరు ఇంకి చక్రానికి పట్టు ఇస్తుంది. ప్రమాదం కనిపించని బండతోనే. గడ్డిలో దాగిన రాయి ఇరుసు మధ్య బుడిపెకు తగిలితే నూనె కారిపోయి బండి అక్కడే నిలుస్తుంది. రాయి కనబడితే దాన్ని రెండు చక్రాల మధ్యకు తెచ్చుకోవడం అందరూ చేసే పొరపాటు. చక్రాన్నే మెల్లగా రాయి మీదికి ఎక్కించాలి. అప్పుడు ఇరుసు కూడా పైకి లేస్తుంది.

స్టీరింగ్ చక్రంలోకి బొటనవేలు దూర్చి పట్టుకోరాదు. ముందు చక్రం రాయికి కొట్టుకుంటే స్టీరింగ్ ఒక్కసారిగా తిరిగి వేలు విరిచేస్తుంది. పవర్ స్టీరింగ్ వచ్చాక ఈ బాధ తగ్గినా, పాత జీపు కొన్నవారు ఈ అలవాటు మొదటి రోజే చేసుకోవాలి.

రేగడి కథ వేరు. పత్తి చేల నల్లమట్టి ఎండలో ఇనుము, వానలో బంక. తడిసిన రేగడి టైరు గాళ్లలో నిండిపోయి టైరును నున్నటి గుండులా చేస్తుంది. అప్పుడు ఎన్ని చక్రాలు లాగినా ఒకటే. రేగడి తడిసి ఉంటే దిగకపోవడమే విద్య. తప్పనిసరైతే '4 ఎల్'లో రెండో గేరు వేసి, మధ్యలో ఆగకుండా, గేరు మార్చకుండా, ఒకే ఊపున గట్టి నేల చేరాలి. వరి కరిగెటలోకి జీపుతో పోయేవారు ఉండరనుకుంటాం. అది కేజ్‌వీల్ ట్రాక్టరు పని.

ఇసుకలో దిగే ముందు టైర్ల గాలి తగ్గించాలి. రోడ్డు మీద 30 పౌండ్లు ఉంటే ఇసుకలో 16, 18 వరకు దించుతారు. టైరు పొడవునా పరుచుకుని ఇసుక మీద తేలినట్లు పోతుంది. మరీ దించితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. ఇసుకలో గట్టిగా బ్రేకు కూడా వేయరాదు. వేస్తే ముందు చక్రాల ముందర ఇసుక కుప్ప పడుతుంది, తిరిగి కదలాలంటే ఆ కుప్ప దాటాలి. ఆగాల్సి వస్తే కాలు వదిలి తనంతట తానే ఆగనివ్వాలి, వీలైతే పల్లానికి ముఖం పెట్టి ఆపాలి.

గుట్ట దగ్గర

గుట్టను ఎదురుగా ఎక్కాలి, ఎదురుగా దిగాలి. అడ్డంగా పోతే జీపు దొర్లుతుంది. దాని ఎత్తుకు వెడల్పు తక్కువ, పైన సామాను కడితే మరీ ప్రమాదం. ఎక్కుతుండగా సగంలో ఇంజను ఆగిపోతే గుండె జారుతుంది, కొత్తవారు అక్కడే స్టీరింగ్ తిప్పి వెనక్కి మళ్లాలని చూస్తారు. చాలా బోల్తాలు అక్కడే. బ్రేకు తొక్కి పట్టి, వెనక గేరు వేసి, ఇంజను స్టార్టు చేసి, వచ్చిన దారినే తిన్నగా వెనక్కి దిగాలి. దిగేటప్పుడు క్లచ్చి తొక్కనే తొక్కరాదు. '4 ఎల్'లో మొదటి గేరు వేసి రెండు కాళ్లూ ఎత్తి కూర్చుంటే ఇంజనే బండిని పట్టి దింపుతుంది. దీన్ని నమ్మడానికి కొత్తవారికి నాలుగైదు సార్లు పడుతుంది. చిన్న మిట్ట మీద సాధన చేశాకే గుట్ట దగ్గరికి పోవాలి.

వాగు దగ్గర ఆగడం

ఇక అసలు సంగతి. మన జిల్లాలో జీపు నేర్చుకునే వారికి అన్నిటికంటే ముఖ్యమైన పాఠం వాగు.

2023 జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అదే రోజు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరికి ఊరే మునిగి, జనం ఇళ్ల పైకప్పులు, చెట్లు ఎక్కితే హెలికాప్టర్లు వచ్చాయి. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం వద్ద ఆకేరు వాగు కారును లాక్కుపోగా తండ్రీ కూతురూ చనిపోయారు. అదే వానకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయి కాజీపేట-విజయవాడ దారిలో రైళ్లు నిలిచిపోయాయి. రాళ్లు పోసి, దిమ్మిస కొట్టి కట్టిన రైలు కట్టనే ఎత్తుకుపోయిన నీటికి జీపు ఒక లెక్కా?

లెక్క చూద్దాం. జీపు అడుగు భాగం వైశాల్యం సుమారు 5 చదరపు మీటర్లు. నీరు ఆ అడుగును తాకిన తర్వాత ప్రతి 10 సెంటీమీటర్ల లోతుకూ అర ఘనపు మీటరు నీటిని బండి పక్కకు నెడుతుంది. అంటే 500 కిలోల బరువు తగ్గినట్లే. బండి మొత్తం బరువు 1,700 కిలోలు అనుకుంటే, మరో మూర లోతు కూడా రాకముందే చక్రాలు నేలను వదులుతాయి. నీరు లోపలికి చేరితే తేలడం కొంత తగ్గుతుంది నిజమే. కాని పక్క నుంచి తోసే ప్రవాహం తగ్గదు. ప్రవాహ వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది. పారే నీరు అడుగు లోతుంటే మామూలు కారును, రెండడుగులుంటే జీపు వంటి పెద్ద బండిని కూడా కొట్టుకుపోగలదని అమెరికా వాతావరణ శాఖ వారు తమ ప్రజలను హెచ్చరిస్తుంటారు. కొత్త థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో పోగలదని కంపెనీ చెప్పే మాటను నిలిచిన నీటికే అన్వయించుకోవాలి. పారే వాగుకు ఆ అంకె పనికిరాదు.

లోలెవల్ కాజ్‌వేల మీద మరో మోసముంది. నీరు ఎర్రగా పారుతుంటే కింద సిమెంటు ఉన్నదో కోసుకుపోయిందో కనబడదు. నిన్న దాటిన దారి ఇవాళ ఉండకపోవచ్చు. ఇసుక తవ్విన వాగుల్లో నడుము లోతు మడుగు పక్కనే నిలువెత్తు గుంత ఉంటుంది. ముందు పోయిన లారీ దాటిందని జీపు దాటుతుందనుకోరాదు. లారీ బరువు వేరు. 'జీపు ఉంది కదా, దాటించు' అని వెనక కూర్చున్న వారు తొందర పెడతారు. కాన్పుకు పోయే ఆడమనిషి ఉంటే, పెళ్లి ముహూర్తం ఉంటే ఆ తొందర మరీ ఎక్కువ. స్టీరింగ్ పట్టిన వాడు 'వద్దు' అనగలగాలి. ఆ ఒక్క మాట అనలేని వాడికి బండి ఇవ్వరాదని మా అభిప్రాయం.

వేసవిలో నిలిచిన నీటి మడుగు దాటవచ్చు. ముందు ఒకరు కట్టె పట్టుకుని నడిచి చూడాలి. కట్టెతో లోతు, కాలితో అడుగు గట్టితనం తెలుస్తాయి. తర్వాత '4 ఎల్'లో మొదటి లేదా రెండో గేరు వేసి మెల్లగా దిగాలి. బండి ముందు చిన్న అల లేస్తుంది. ఆ అల వెనకే సాగుతూ పోవాలి, దాన్ని దాటిపోరాదు, ఆగరాదు. మధ్యలో క్లచ్చి తొక్కితే నీరు పలకల మధ్య చేరి పట్టు పోతుంది. ఇంజను గాలి పీల్చే గొట్టంలోకి నీరు పోయి ఆగిపోతే, ఎట్టి పరిస్థితిలోనూ మళ్లీ తాళం తిప్పరాదు. గాలి నలుగుతుంది, నీరు నలగదు. నలగని నీటిని పిస్టన్ నొక్కబోతే లోపలి కడ్డీ వంగుతుంది. ఇంజను దింపి చేసే ఖర్చు అది. పైగా నీటిలో ఆగిన ఇంజనును మళ్లీ తిప్పి చెడగొట్టుకున్న వారికి మామూలు ఇన్సూరెన్సు వర్తించదు. దానికి విడిగా డబ్బు కట్టి ఉండాలి.

దిగబడితే

దిగబడటం తప్పు కాదు. దిగబడ్డాక చేసే పనులే ప్రాణం మీదికి తెస్తాయి. ముందు దిగి చూడాలి. ఇరుసు నేలకు ఆనిందా లేదా అన్నదే ప్రశ్న. ఆనితే ఎంత తొక్కినా లాభం లేదు. పారతో ఇరుసు కింద మట్టి తీసి, చక్రాల ముందర వాలుగా చేసి, కంప గాని పత్తికట్టె గాని పరిచి, మెల్లగా వదలాలి. ఒక పార, గడ్డపార, జాకీ కింద వేసేందుకు వెడల్పు చెక్క, గట్టి మోకు - ఈ నాలుగూ లేకుండా బాట దిగరాదు. రెండో బండి లేకుండా ఒంటరిగా పోరాదు.

ట్రాక్టరు పెట్టి లాగించేటప్పుడు మోకును బంపరుకు కాక ఛాసిస్‌కు ఉన్న కొండికే తగిలించాలి. మోకు తెగితే కొరడాలా వెనక్కి వస్తుంది. మనిషిని చంపేంత బలం దానిది. మధ్యలో తడి గోనెసంచి వేలాడదీస్తే తెగినా నేలకు వాలుతుంది. చూసేవారు మోకు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరం నిలబడాలి. ట్రాక్టరు వైపు కూడా జాగ్రత్త కావాలి. గొలుసును ఇరుసుకంటే ఎత్తులో కట్టి లాగితే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు డ్రైవరు మీదికే తిరగబడుతుంది. దిగబడిన ట్రాక్టరు వెనక చక్రాలకు దుంగ కట్టి తీసే అలవాటు కొందరికి ఉంది. అదీ ఇలాగే తిరగబడుతుంది, కన్ను మూసి తెరిచేంతలో. ఈ పని ఎవరు చేయబోయినా ఆపండి.

ఎక్కడ నేర్వాలి?

మహారాష్ట్రలో నాసిక్ దగ్గరి ఇగత్‌పురి వద్ద మహీంద్రా వారు ఈ విద్యకే ఒక శిక్షణ కేంద్రం నెలకొల్పారు. అంత దూరం పోలేని వారికి కోత అయిపోయిన సొంత చెలకే చాలు, లేదా యజమాని ఒప్పుకున్న బీడు. ఎవరి గెట్టూ తెగరాదు. రైల్వే స్థలాలు, వడ్డేపల్లి, ధర్మసాగర్ వంటి తాగునీటి చెరువుల శిఖం జోలికి పోరాదు. 1953 నుంచి ఉన్న ఏటూరునాగారం అభయారణ్యంలో గాని, పాకాల అడవిలో గాని అనుమతి లేకుండా బాట వదిలితే అటవీ శాఖ కేసు పెడుతుంది, అది న్యాయమే. మేడారం జాతరకు జాతీయ రహదారి మీదుగా పస్రా దాకా పోయి, అక్కడ రద్దీ తప్పించుకుందామని అడవిలోకి మళ్లే ఆలోచన కూడా వద్దు.

చేలలో సాధన చేసేవారు మొదట పగలు నడిచి బావులు చూసుకోవాలి. గోడ లేని వ్యవసాయ బావులు మన వద్ద తక్కువేమీ కాదు. 2020 అక్టోబర్‌లో సంగెం మండలం గవిచర్ల వద్ద ప్రయాణికుల జీపు రోడ్డు పక్క బావిలోనే పడింది. రోడ్డు మీది బండికే ఆ గతి పడితే, తుమ్మ కంప మొలిచి మూసుకుపోయిన పాత బావి పక్కన రాత్రిపూట బండి తిప్పేవాడి సంగతి చెప్పాలా?

లైసెన్సు సంగతి కూడా మరవరాదు. 18 ఏళ్లు నిండాలి. లెర్నర్ లైసెన్సు తీసుకుని, 'ఎల్' బోర్డు పెట్టి, పక్కన లైసెన్సు ఉన్న వారిని కూర్చోబెట్టుకుంటేనే రోడ్డెక్కాలి. పదో తరగతి పిల్లవాడు చేలో బాగా తిప్పుతున్నాడని మురిసిపోయి ఊరి రోడ్డు మీదికి పంపే తండ్రులు ఇది గమనించాలి.

ఇంటికి వచ్చాక

బురద నుంచి, నీటి నుంచి వచ్చిన బండిని నేరుగా హైవే ఎక్కించరాదు. మెల్లగా పోతూ నాలుగైదు సార్లు బ్రేకు కొద్దిగా తొక్కి పట్టి ఆరనివ్వాలి. తడి బ్రేకు పట్టదు. కడ్డీని '2 హెచ్'లోకి తేవాలి. తగ్గించిన గాలిని మొదటి పంక్చర్ దుకాణం దగ్గరే నింపించుకోవాలి. మెత్తని టైరుతో వేగంగా పోతే అది వేడెక్కి పగులుతుంది. కోసిన చేలో తిరిగి ఉంటే బండి కిందికి వంగి సైలెన్సరు చుట్టూ చూడాలి. అక్కడ చిక్కుకున్న ఎండుగడ్డి వేడికి అంటుకుంటే బండితో పాటు పక్క గడ్డివామూ పోతుంది. మర్నాడు ఇరుసు నూనె కొంచెం తీసి చూడాలి. పాలు కలిపిన చాయలా తెల్లగా ఉంటే నీరు చేరినట్లే. ఆ నూనె మార్పించాకే బండి మళ్లీ తీయాలి.